నీళ్ళు నిలవని దారి

ముక్తేశ్వరంలో మా పిన్ని వాళ్ళ ఇల్లు రోడ్డుకు దగ్గరే అంటారు గాని, పంటకాలువ మీది తూము దాటాక కొబ్బరితోటలోంచి ఒక వరస చెట్ల పొడుగునా నడవాలి. ఎండాకాలం అది హాయిగా ఉండే నీడ దారి. వానలు మొదలైతే మాత్రం ఒండ్రుమట్టి చెప్పుల్ని లాగేసుకుంటుంది. ఆ ఇంట్లో అందరూ చెప్పులు తూము దగ్గరే వదిలి రావడం అలవాటు చేసుకున్నవాళ్ళే. దారి బాగాలేదని ఎవరూ అనుకోలేదు. దారి అంటే అలాగే ఉంటుందనుకున్నారు.

పిన్ని మూత్రపిండాలు పాడయ్యాక ఆ దారి దూరం పెరిగింది. వారానికి మూడుసార్లు అమలాపురం తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. ఆటో రోడ్డు మీదే ఆగిపోతుంది. పొడి రోజుల్లో బాబాయి భుజం పట్టుకుని, చెట్టు చెట్టుకీ ఆగి, ఎలాగో నడిచేది. వానాకాలంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోయాల్సి వచ్చేది. పక్కింటి రైతు, ఆయన తమ్ముడు, వాళ్ళ తోటలో చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసే ఇద్దరు మనుషులు, ఈ నలుగురూ ఎప్పుడు పిలిచినా వచ్చేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండునని పిన్ని అనేది. ఎవరి చేతి సాయమూ ఎరగకుండా బతికిన మనిషి. కుర్చీ ఎత్తిన ప్రతిసారీ కళ్ళు మూసుకునేది.

మోయించుకోవడం ఇష్టంలేక ఆవిడ అమలాపురం వెళ్ళడమే మానేయడం మొదలుపెట్టింది. "ఈ ఒక్కసారికీ వద్దులెండి, బాగానే ఉంది" అనేది బాబాయితో. ఒక్కసారి మానేస్తే ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లోకి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. అలా ఒకసారి రానే వచ్చింది. ఆ గండం గడిచాక బాబాయి, ఆటో వీధి అరుగు దాకా వచ్చేలా కాంక్రీటు దారి వేస్తానన్నాడు.

ఆ పని ఆయనకు కొత్తది కాదు. ఉద్యోగమంతా లడఖ్ వైపు కొండల్లో రోడ్లూ వంతెనలూ వేయించడంలోనే గడిచింది. అక్కడ కాంక్రీటుకు శత్రువు బరువు కాదు, నీళ్ళు అనేవాడు. పగలు ఎండకు మంచు కరిగి కాంక్రీటు సందుల్లోకి దిగుతుంది. చీకటి పడితే గడ్డకట్టి ఉబ్బుతుంది. మర్నాడు మళ్ళీ కరుగుతుంది. అలా నాలుగు శీతాకాలాలు తిరిగేసరికి ఎంత గట్టి పనైనా చేప పొలుసుల్లా లేచిపోతుంది. అందుకని అక్కడ కలిపేటప్పుడే నీళ్ళు తక్కువ పోస్తారు. లోపల సన్నటి గాలి బుడగలు మిగిలేలా ఒక మందు కలుపుతారు, గడ్డకట్టిన నీరు ఉబ్బడానికి చోటుండాలని. పైన చుక్క నిలవకుండా వాలు పెడతారు. పలకకూ పలకకూ మధ్య సందు వదులుతారు. ఇదంతా ఆయన నాకు ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాడు. నేను పత్రికలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఎప్పటికైనా రాస్తాననుకునేవాడు కాబోలు.

ఆ పద్ధతిలోనే ఇక్కడా వేయడానికి పూనుకున్నాడు. గాలి బుడగల మందు ఒక్కటి తప్ప అన్నీ ఆ కొండల పద్ధతే. మేస్త్రీకి పెద్ద చిక్కు వచ్చింది. ఇక్కడ కాంక్రీటు గంజిలా జారితే పని తేలిక. బాబాయి బకెట్టు పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని మగ్గుతో కొలిచి పోయించేవాడు.

"ఇంకో మగ్గు పొయ్యనివ్వండి బాబాయిగారూ, పార కదలటం లేదండి."

"కదలకపోతే బలం పెట్టు. నీళ్ళు పోస్తే నీకు సుఖం, దానికి రోగం."

పక్కింటి రైతు గట్టు మీద నిలబడి, "మరేనండి మావయ్యగారూ, మన ముక్తేశ్వరంలో ఎప్పుడు పడుద్దంటారు మంచు?" అని అడిగాడు. పనివాళ్ళంతా నవ్వారు. అరుగు మీంచి పిన్ని అందుకుంది.

"నాకూ మంచినీళ్ళు కొలిచే ఇస్తారు, దానికీ కొలిచే ఇస్తారు. ఇద్దరికీ ఒకే వైద్యుడు నాయనా."

ఆవిడకు రోజుకు ఇన్ని గుక్కలే తాగాలని కట్టడి. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. బాబాయి మాత్రం కొంచెం నవ్వాడు.

అంత జాగ్రత్తగా వేసిన దారి రెండో ఏడు వరదకు విరిగిపోయింది. లోపం పైన లేదు, కింద ఉంది.

మా వైపు పల్లం పూడ్చాలన్నా, బురదలో నడక దారి చేయాలన్నా ముందు వేసేవి కొబ్బరి డొక్కలు, కాయ ఒలిచాక మిగిలే పీచు తొక్కలు. దింపు తీశాక ప్రతి తోటలోనూ డొక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని బోర్లా పరిచి పైన మట్టి కప్పితే కాలు దిగబడదు. మా తాతల నాటి నుంచీ ఇంతే. బాబాయి దారి వేస్తున్నాడని తెలిసి చుట్టుపక్కల తోటలవాళ్ళు బళ్ళతో డొక్కలు తోలించారు. అడగకుండానే. పిన్ని మీద ఉన్న అభిమానం అది. బాబాయి కాదనలేదు. కాదనాలని ఆయనకు తోచనే లేదు. ఆ కొండల్లో అడుగున రాయి ఉండేది, దాని గురించి ఆలోచించే పని ఎప్పుడూ పడలేదు. ఇక్కడి నేల సంగతి వచ్చేసరికి ఆయనా ఈ ఊరి మనిషే అయిపోయాడు. వాళ్ళ నాన్న ఎలా పూడ్చాడో అలాగే పూడ్పించాడు.

మట్టి దారి అణిగితే మళ్ళీ నాలుగు బుట్టల డొక్కలు వేసి కప్పేస్తాం. అది వంగుతుంది, లేస్తుంది, మనతో సర్దుకుంటుంది. కాంక్రీటు వంగదు. గోదావరి వరద తోటల్లోకి వచ్చి కొన్నాళ్ళు నిలిచి తీసేసరికి, కింద డొక్కలు నాని, మెత్తబడి, అణిగిపోయాయి. మధ్యలోని మట్టిని నీరు లాక్కుపోయింది. దారి పైకి చూడ్డానికి నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది. కింద మాత్రం గుల్ల. ఓ పొద్దున్న పిన్నిని ఎక్కించుకుని ఆటో బయల్దేరగానే వెనక చక్రం కింద పలక నడుముకు విరిగింది. ఆవిడకు దెబ్బేమీ తగల్లేదు. మళ్ళీ కుర్చీ తెచ్చారు. మళ్ళీ ఆ నలుగురే వచ్చారు.

బాబాయి ఆ రోజు అమలాపురం నుంచి వచ్చాక విరిగిన చోట చెయ్యి పెట్టి చూశాడు. మోచేతి దాకా లోపలికి వెళ్ళింది. డొక్కలు తోలించినవాళ్ళలో ఒకాయన వచ్చి, తప్పు మాదేనండి అన్నాడట. "మీరు ఇచ్చేరు, నేను వేసేను. వేసినవాడిదే" అన్నాడట బాబాయి.

మరుసటి వేసవి అంతా డబ్బు కూడదీయడానికీ పిన్ని ఆరోగ్యానికీ సరిపోయింది. పని మొదలయ్యేసరికి తొలకరి దగ్గరపడింది. పలకలన్నీ పగలగొట్టి తీశారు. అడుగున నల్లగా కుళ్ళిన పీచు. ఆ వాసన ఊరి చివరిదాకా కొట్టింది. గట్టి నేల తగిలేదాకా తవ్వించి, గోదావరి అవతల మెరక నుంచి గ్రావెల్ తెప్పించి, పొరపొరకూ తడిపి దిమ్మిస కొట్టించాడు. దారి కింద అడ్డంగా గొట్టాలు వేయించాడు, వరద నీరు ఈ తోటలోంచి ఆ తోటలోకి పోతుందని. ఆ తరవాతే కాంక్రీటు. రోడ్డు వైపు నుంచి ఇంటి వైపుకి, పలక తరవాత పలక. వేసిన పలక మీద తడి గోనెలు కప్పి ఆరకుండా చూసుకునేవాడు. కోడిపిల్ల దాని మీదికి వచ్చినా ఊరుకునేవాడు కాదు. పక్కింటి రైతు చుట్ట కాల్చుకుంటూ అంచు దగ్గరికి వచ్చి నిలబడితే కూడా, ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం అనేవాడు. ఊళ్ళో అందరికీ ఆ దారంటే భయం లాంటి గౌరవం ఏర్పడింది.

ఆ రోజుల్లో పిన్నిని తోట చుట్టూ తిప్పి మోసుకెళ్ళాల్సి వచ్చేది. తోటలో నీళ్ళు పారే బోదెల మీద వేసిన కొబ్బరిదుంగలు దాటాలి. ఆఖరి పలకలు వేసే వారంలో ఆవిడ ఒకసారి మానేస్తానంది. ఎల్లుండికి దారి అయిపోతుంది, అప్పుడు మహారాణిలా వెళ్తానంది. బాబాయి సరేనన్నాడు. ఆ సరే అన్నది ఆయన తరవాత ఎప్పుడూ మర్చిపోలేదు.

ఆఖరి పలకలు అరుగుకి ఆనుకుని వేసిన రోజు నేనక్కడే ఉన్నాను. పొద్దు వాలాక పని పూర్తయింది. మేస్త్రీ తాపీతో పైన నున్నగా లాగి, చీపురుతో సన్నటి గీతలు పెట్టాడు, కాలు జారకుండా. బాబాయి అరుగు చివర కూర్చుని దాన్నే చూస్తున్నాడు. అంత తృప్తిగా ఆయన్ని నేను అరుదుగా చూశాను. పైన టార్పాలిన్ కట్టించాడు గనక ఓ జల్లు పడినా బెంగపడలేదు. జల్లు పడింది కూడా. తోటలో బోదెలు నిండాయి.

దీపాలు పెట్టే వేళకు పిన్నికి ఆయాసం మొదలైంది. పడుకోలేదు, కూర్చోలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. గొంతులో గురగురమని నీళ్ళ చప్పుడు. ఆటోకి ఫోన్ చేశాం. రోడ్డు వైపు ముందుగా వేసిన పలకలు అప్పటికి గట్టిపడ్డాయి కాబట్టి దారి సగందాకా రమ్మన్నాం. నలుగురూ పరిగెత్తుకొచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఎత్తి, అరుగు దిగి, అలవాటుగా తోట వైపు తిరిగారు. దుంగల మీద నీళ్ళు పారుతున్నాయి.

"ఎటు వెళ్తారు?" అన్నాడు బాబాయి.

పక్కింటి రైతు ఆగి, "ఇది పచ్చిగా ఉందండి మావయ్యగారూ" అన్నాడు.

"తెలుసు. దీనిమీంచే రండి."

వాళ్ళు కదల్లేదు. కుర్చీ పట్టుకుని ఆ నున్నటి పలక అంచున నిలబడిపోయారు. అప్పుడు బాబాయి టార్పాలిన్ లాగేసి ముందుగా తనే దిగాడు. కాలు మడమ లోతు దిగింది. వెనక్కి తిరిగి, "తొక్కండి. ఇది ఎందుకు వేసేననుకున్నారు?" అన్నాడు.

నలుగురూ చెప్పులు విడిచారు. ఎవరూ చెప్పలేదు. కళ్ళంలోకి దిగే ముందు విడిచినట్టు, అరుగు కింద వరసగా విడిచి దిగారు. బరువుకి వాళ్ళ పాదాలు బాబాయి పాదాలకన్నా లోతుగా దిగాయి. గొణుక్కుంటున్నట్టు అడుగు తీసినప్పుడల్లా చప్పుడు. అవతల గట్టి పలక మీదికి ఎక్కి, ఆటోలో కూర్చోబెట్టి, బోదెలో కాళ్ళు కడుక్కున్నారు. సిమెంటు తినేసి వాళ్ళ వేళ్ళ సందులు చాలారోజులు మండాయని తరవాత తెలిసింది.

ఆవిడ ఆ పూటకి దక్కింది. కొంచెం ఆలస్యమైతే తీసుకురావడం అనవసరమయ్యేదని అక్కడ డాక్టరు అన్నాడు.

బాబాయి తిరిగి వచ్చేసరికి పలకలు రాయి అయిపోయాయి. అడుగులన్నీ అలాగే ఉన్నాయి. మేస్త్రీ చూసి, పైన పల్చగా పూత వేసేస్తే కనపడదండి అన్నాడు. పైపూత నిలవదని బాబాయికి తెలుసు. బాగుచేయాలంటే పలక మొత్తం తీసి కొత్తది వేయాలి. మేస్త్రీ దానికీ సిద్ధమే. అక్కర్లేదన్నాడు బాబాయి.

ఆ తరవాత ఆటో అరుగు దాకా వచ్చేది. ఎంత వాన కురిసినా పిన్ని ఒక్కసారీ మానలేదు. ఆ అడుగుల మీదికి వచ్చేసరికి ఆటో కొంచెం ఊగేది, నడిపే కుర్రాడు వేగం తగ్గించేవాడు. "నెమ్మదిగా పోనీ అబ్బాయీ, మా బోయీల అడుగులవి" అనేది పిన్ని. "పెళ్ళికి ఎక్కలేదు గాని, ముసలితనంలో పల్లకీ ఎక్కేను." ఆ నలుగురిలో ఎవరైనా ఎదురుపడితే, నీ కాలు ఏదో చూపించు అని అడిగేది. దింపు తీసేవాళ్ళ పాదాలు తేలిగ్గా తెలిసిపోతాయి. చెట్టెక్కే కాళ్ళు, బొటనవేలు పక్కకి విడిగా ఉంటుంది.

మరో రెండు వానాకాలాలు అలా గడిచాయి. కార్తీకంలో ఆవిడ పోయింది. ఇంట్లోనే, మంచం మీద. అప్పుడూ మోసినవాళ్ళు వాళ్ళే. ఆ రోజు అందరూ ఆ గుంటలు తప్పించి నడవడం నేను చూశాను.

మొన్న వరద మళ్ళీ తోటలోకి వచ్చింది. దారి నీళ్ళలో మునిగి, తేలింది. గొట్టాల్లోంచి నీరు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది. ఒక్క సందు కూడా విడలేదు. నేను వెళ్ళేసరికి బాబాయి చీపురు పట్టుకుని ఒండ్రు ఊడుస్తున్నాడు. సన్నగా జల్లు పడి ఆగింది. వాలు వెంబడి నీరంతా జారిపోయి పలకలు ఆరుతున్నాయి. ఇంటి ముందు ఆ అడుగుల్లో మాత్రం నీళ్ళు నిలిచి ఉన్నాయి. బాబాయి చీపురు అక్కడిదాకా వచ్చి, వాటిని తప్పుకుని, పక్కనుంచి వెళ్ళింది.

పక్కింటి రైతు గట్టు మీద నిలబడి ఉన్నాడు. నిలిచిన నీళ్ళు చూసి అడిగాడు.

"కాంక్రీటు మీద చుక్క నిలవకూడదనేవారు కదండి మావయ్యగారూ."

"ఆయ్" అన్నాడు బాబాయి. చీపురు అరుగుకి ఆనించి, గుంటల వైపు చూశాడు. "నిలవనీ. ఇక్కడ గడ్డకట్టవుగా."