దేవుడి పటాల అద్దాలు

మా దేవుడి పటాలకున్న అద్దాలు ఇన్నేళ్లుగా నా గుండెల మీద బరువై కూర్చున్నాయి. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేకే మీకు చెబుతున్నాను.

మా మామకు సూర్యాపేటలో ఫోటో స్టూడియో ఉండేది. నిజాం రాజ్యం మీద జనం తిరగబడిన రోజుల్లో ఆయన తుంగతుర్తి వైపు ఊళ్లు తిరిగి, కాలిన ఇళ్లనూ కాల్చి చంపిన మనుషులనూ ఫోటోలు తీశారు. అప్పట్లో ఫిల్ముకు బదులు అద్దం పలకే, నలుపు తెలుపులు తారుమారై బొమ్మ దాని మీదే పడేది. బడి గడప తొక్కకుండా కోడలిగా వచ్చిన నాకు ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆ మేలు తలచుకోకుండా నేను దీపం పెట్టిన రోజు లేదు. ఆ అద్దాల పెట్టెను కూడా నాకే అప్పగించారు.

"రేపెవడన్న గిట్ల జరగనేలేదంటే గివే సాక్ష్యం బిడ్డా. దేవునర్రల పెట్టు."

దేవుడి గదిలోనే పెట్టాను. వెలుతురుకు పట్టి చూస్తే నల్లటి ముఖాలు, తెల్లటి వెంట్రుకలు. దేవుడి ముందర పీనుగులా? ఇంటికి మంచిదా? ఆయన చనిపోయిన ఏడాది, సోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టి పీచుతో తోమేశాను. ముఖాలు జిగురులా జారి తూములో పోయాయి. మిగిలిన శుభ్రమైన అద్దాలను దేవుడి పటాలకు కట్టించాను. మంచి పనే అనుకున్నానా, లేక అలా అనుకుంటే తప్ప నిద్ర పట్టదని అనుకున్నానా?

కొన్నేళ్లకు తుంగతుర్తి నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది.

"మా అన్నను సంపినంక మీ మామ ఫోటో దీసిండట చెల్లె. నేనప్పుడు సంటిపిల్లను, ఆయన మొఖమే ఎరుగ. ఒక్కపారి సూపియ్యవా?"

"చెదలు తిన్నయక్కా."

"అద్దాన్ని గూడ తింటయా చెదలు?"

నేను మంచినీళ్లకు లేచాను. ఆమె రెట్టించలేదు. ఇచ్చిన మంచినీళ్లు తాగి, పోతూ పోతూ దేవుడి గది గడప దగ్గర ఆగి పటానికి మొక్కింది. ఆమె అన్న ఉన్న అద్దం అదేనేమో. నాకెలా తెలుస్తుంది? ఏ ముఖం ఎవరిదో నేను అడిగి తెలుసుకున్నది లేదు.

మొన్న కోదాడలో ఒక పెళ్లికి పోతే, పంక్తిలో నా పక్కనాయన నిజాం రోజుల కాల్పులన్నీ కట్టుకథలన్నాడు. ఏం చూపించి కాదనను?

ఇప్పుడు మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నాను. పటాలు నాతోనే వచ్చాయి. రోజూ తుడుస్తాను. మామ చేసిన మేలును మాత్రం వాటి ముందు మనసులోనే తలచుకుంటాను, పైకి అనలేను. క్షమించమని అడుగుదామంటే ఆ ముఖాల్లో ఒక్కటైనా గుర్తుకు రాదు.

ఆ తుంగతుర్తి ఆమె ఇప్పుడు ఉందో లేదో. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. చెదలు తినలేదు. నేనే కడిగేశాను.