వైజాగ్ నుంచి వరంగల్‌కు సీ అర్చిన్‌ల బకెట్

పదహారేళ్లుగా హనుమకొండలో జువాలజీ చెబుతున్నాను. సీ అర్చిన్‌లనే సముద్రపు ముళ్ల జీవుల సంతానోత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద గుండ్రంగా ఒక గుడ్డు గీసి కానిచ్చేసేదాన్ని. ఈసారి ఫస్టియర్ అమ్మాయి ఒకతి లేచి, "మీరెప్పుడన్న చూసిండ్రా మేడం?" అంది. చూడలేదు. రోషమొచ్చింది. సోమవారం రెండింటికి గుడ్డు, వీర్యకణం కలవడం కళ్లారా చూపిస్తానని క్లాసులో మాటిచ్చి, శనివారం వైజాగ్ రైలెక్కాను.

ఆదివారం సాయంత్రం అలలు తగ్గాక ఒక జాలరి రాళ్ల సందుల్లోంచి ఆరింటిని పెకలించి ఇచ్చాడు. నల్లటి ముళ్ల బంతులు. "ఇయ్యెందుకమ్మా, వలలు చింపేస్తాయి," అని నవ్వాడు. వెళ్లేవాళ్లు చెప్పుల్లేకుండా ఆ రాళ్లెక్కకండి. నా మడమ ఇంకా సలుపుతోంది.

సోమవారం తెల్లవారే రైల్లో మూత పెట్టిన బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గట్టిగా కుదిపితే ఇవి గుడ్లనూ వీర్యాన్నీ నీళ్లలోకి వదిలేస్తాయి, అదీ నా భయం. పక్క సీట్లో హసన్‌పర్తికి వెళ్తున్న మరియమ్మ గారు మూత తీయించి చూశారు.

"గివి తింటరా బిడ్డా?"

"జపాన్‌లో తింటారమ్మా. సముద్రపు నాచు మేపి మరీ పెంచుతారు."

"మనం కోళ్లను సాదినట్టా? మరి ఇందుల పుంజేది, పెట్టేది?"

పైకి చూసి చెప్పలేమన్నాను. ఆడా మగా దగ్గరికి కూడా రావు, అంతా నీళ్లలోనే కలుస్తుందని వివరించాను. ఆవిడ "అయితే కొట్లాటలు లేవు," అని ఇడ్లీ పొట్లం విప్పారు. నాకూ రెండు పెట్టారు.

ఒంటిగంటకు వరంగల్‌లో దిగి ఆటో ఎక్కాను. బతికున్నవి, మెల్లగా పోనివ్వమని డ్రైవర్ యాకూబ్ భాయ్‌కి చెప్పాను.

"బతికున్నయంటే జల్ది పోవాలె మేడం, గాలాడక సస్తయ్. ఫికర్ చెయ్యకుండ్రి!"

నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన దవాఖానకు పేషెంట్‌ను తీసుకెళ్తున్నట్టు ఒక్క గుంతనూ వదలలేదు. కాలేజీ గేటు దగ్గర మూత తీస్తే ఒకవైపు పాలలా తెల్లటి వీర్యం, ఇంకోవైపు లేత పసుపు గుడ్లు. చూస్తుండగానే రెండూ కలిసిపోయాయి. ఏడుపొచ్చింది. పెళ్లికి రమ్మని పిల్లల్ని పిలిచి, ఆటోలోనే తాళి కట్టించేసినట్టయింది.

"అయిపోయింది, చూపించలేకపోయాను," అని క్లాసులో ఒప్పుకున్నాను. అయినా ఒక చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. పిల్లలు వరసగా వచ్చి, కలయిక అయిపోయిందనడానికి గుర్తుగా గుడ్డు చుట్టూ లేచిన పొరను చూసి మర్యాదగా తలూపి వెళ్లారు. అందరి తర్వాత నేను కన్ను పెట్టాను.

గుడ్డు నడుమ ఒక సన్నటి నొక్కు పడింది. అది మెల్లగా లోపలికి దిగింది. ఊపిరి బిగబట్టాను. ఒకటిగా ఉన్నది నా కంటి ముందే రెండయింది. "అయ్యో దేవుడా!" అని కేకేశాను. సంతోషంతో కళ్లు నిండిపోయాయి, తుడుచుకోవడానికి కూడా తల ఎత్తలేదు.

"జర జరుగుండ్రి మేడం, మేము గుడ చూస్తం!" అని క్లాసంతా నా మీద పడింది. కుర్చీతో సహా నన్ను పక్కకు లాగితే గానీ వాళ్లకు వంతు దొరకలేదు.