మూడు ఊళ్ళు తిరిగిన సమ్మె బేరం

డిగ్రీ చేతికొచ్చి తెలివి ఇంకా రాని ఆ రోజుల్లో, బేరమాడితే తెగని వ్యవహారం లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. కోదాడలో మా నాయనది కిరాణా దుకాణం, బాబాయిలవి బట్టల కొట్టూ ఇనుప సామాన్ల కొట్టూ. మా ఇంట్లో ఏది కొనాలన్నా మూడు దుకాణాలు ఎక్కి దిగాల్సిందే. మొదటి దుకాణంవాడు "లేదు, రాదు" అన్నాడంటే బేరం మొదలైందని అర్థం. ఈ చదువుతోనే మిర్యాలగూడలో మా మేనమామ రైసుమిల్లులో మేనేజరుగా చేరాను. (మేనేజరంటే మామ అరిచేటప్పుడు ఎదురుగా నిలబడేవాడు.)

ఆ ఎండాకాలం యాసంగి వడ్లు లారీలకు లారీలు వస్తున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలసేపు బస్తాలు దించలేమని నలుగురు హమాలీలు అన్నారు. మామ ఆ నలుగుర్నీ నిలబడ్డచోటే పనిలోంచి తీసేశాడు. దాంతో మిగతా హమాలీలంతా వాళ్ళతో కలిసి గేటు ముందు నీడకు టార్పాలిన్ పట్టా కట్టుకుని కూర్చున్నారు. "మా నల్గురిని తీస్కుంటేనే అందరం లోపలికొస్తం" అన్నాడు పెద్దన్న. (తీసేసినవాళ్ళలో ఒకడు, వయసును బట్టి మిల్లంతా అట్లా పిలిచేది.) వడ్లేమో లారీల మీదే ఉన్నాయి, ఆకాశం చూస్తే నల్లబడుతోంది. "కోర్టుకు పోయి సమ్మె బంద్ చెయ్యమని ఆర్డరు పట్టుకరా పో" అని మామ నన్ను తరిమాడు.

మిర్యాలగూడ వకీలు రెండు ముక్కల్లో తేల్చేశాడు. "పనిలకెళ్ళి తీసేసిన లొల్లి, సమ్మె, ఇవి ఈ కోర్టు సూసేటివి కావు. లేబర్ ఆఫీసుకు పో. గాడ తెగకపోతే లేబర్ కోర్టు." నాకు లోలోపల సంతోషమైంది. మొదటి దుకాణం కదా, అట్లనే అంటడు. నింపాదిగా లేచి, నింపాదిగా చెప్పులు తొడుక్కుని, వెనక్కి పిలుస్తాడని మెట్ల దగ్గర ఆగాను. పిలవలేదు. ఫ్యాను ఆపేసిన చప్పుడు మాత్రం వినిపించింది.

రెండోది కోదాడ. మా నాయన దగ్గర సరుకులు కొనే వకీలు ఒకాయన ఉన్నాడు, అటు ఆంధ్ర దిక్కు మనిషి. "మిల్లెక్కడుంది బాబూ?" "మిర్యాలగూడల సార్." "మనుషులెక్కడ కూర్చున్నారు?" "గాడనే సార్." "మరి కోదాడ కోర్టేం చేస్తుందయ్యా?" "మా దుకాణంల పాత గిరాకీ మీరు, జర సూసి చెయ్యాలె సార్." ఆయన నా భుజం మీద చెయ్యేసి సూర్యాపేట బస్సు ఎక్కించాడు.

సూర్యాపేటలో ముసలి వకీలు చాయ్ తాగుతూ అంతా విన్నాడు. "ఒక్కటి జెప్పు. ఆ నల్గురు మీ పనోళ్ళేనా?" "కాదు సార్, తీసేసినం." "మరి పనోళ్ళు కానోళ్ళు సమ్మె ఎట్ల జేస్తరు?" "అయితే పనోళ్ళే సార్." "పనోళ్ళయితే ఆ పంచాయితీ లేబరోళ్ళ దగ్గరికే పోవాలె, మా కోర్టుకు రాదు." నేను కాసేపు ఆలోచించి, ఇద్దరికీ నష్టం లేని మాట చెప్పాను. "సగానికి ఖాయం చేద్దాం సార్. ఇద్దరు పనోళ్ళు, ఇద్దరు కాదు." ఆయనకు చాయ్ పొలమారింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని, "నువ్వు కోర్టులకు పనికిరావు బిడ్డా. లేబర్ ఆఫీసుకే పో. ఆళ్ళు రెండు దిక్కులోళ్ళను కూసోబెట్టి మాట్లాడిపిస్తరు. గది నీకు తగ్గ జాగ" అన్నాడు.

నిజమే. మిర్యాలగూడ లేబర్ ఆఫీసులో బల్లకు ఇటు నేను, అటు పెద్దన్న, నడుమ ఆఫీసరు మేడం. ఇంటికొచ్చినట్టనిపించింది. లేబర్ ఆఫీసుకు పోతున్నానంటే మామ "ఒక్కణ్ణి కూడ తీస్కోను" అని చెప్పి పంపాడు; నేను ధారాళంగా "ఇద్దర్ని తీస్కుంటం" అని మొదలుపెట్టాను. అటునుంచి ముగ్గురంటారు, కాసేపు గుంజులాడుకోవచ్చు. కానీ పెద్దన్న గుంజులాడలేదు. తలకు చుట్టిన తువ్వాల విప్పి మోకాళ్ళ మీద పరుచుకుని, "మంచిది చిన్న సేటూ. ఏ ఇద్దరో నువ్వే జెప్పు. మిగిలినోళ్ళకు నేను జెప్పుకుంట" అన్నాడు.

ఒకడి ఇంట్లో అప్పుడే ఆడపిల్ల పుట్టింది. ఒకడు రోజూ తన టిఫిన్‌లోంచి నాకు పచ్చిపులుసు పోసేవాడు. ఒకడు మబ్బు పడితే ఎవరూ పిలవకముందే వడ్ల మీద పట్టా కప్పేవాడు. నాలుగోవాడు నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. "నల్గురూ రాండ్రి" అన్నాను. మధ్యాహ్నం రెండు గంటలు పని బంద్ అని కూడా ఒప్పుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. దుకాణం అలవాటు కొద్దీ, "కొసరుకు షెడ్డుల రెండు పెద్ద ఫ్యాన్లు" అని కూడా అనేశాను. రాసుకుంటున్న మేడం కలం ఆపి నావైపు చూసింది. "మీరు మిల్లు తరఫునే వచ్చిన్రు కదా?"

లారీలు వాన పడకముందే ఖాళీ అయ్యాయి కాబట్టి మామ నన్ను ప్రాణాలతో వదిలాడు. ఫ్యాన్ల సంగతి తెలిశాక మాత్రం, "నయం, మిల్లును కూడ కొసరెయ్యకుండ వచ్చినవ్" అన్నాడు. (వారం తిరక్కముందే ఆ ఫ్యాన్ల కింద, బస్తాల మీద, అందరికన్నా ముందు గుర్రు పెట్టింది ఆయనే.)

ఇప్పుడు సూర్యాపేటలో నాకే ఒక దుకాణం ఉంది. బేరానికి కూర్చుంటే నన్ను కదిలించడం కష్టమని బజార్లో పేరు. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఒరిగినప్పుడు ఒక్కోసారి మిల్లు మేనేజరుగా ఉన్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడే ఇవాళ వచ్చి పని అడిగితే, బేరాలకు మాత్రం చచ్చినా పంపను. గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతాను. ఎందుకైనా మంచిదని, పక్కనే నేనూ కూర్చుంటాను.