పెళ్ళిచీర కట్టుకు రా

అరవైల మొదట్లో నందిగామలో నేనూ, జగ్గయ్యపేట నుంచి వచ్చిన మరో టీచరూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకే బడి, ఒకే కుంపటి. పోట్లాడుకోవడానికైనా మాకు మేమే. అప్పటికే మా అమ్మ పోయింది. నాన్న మైలవరం అవతల వేరే సంసారం పెట్టుకున్నాడు. నా మనిషి అని చెప్పుకోవడానికి నాకు ఆ పిల్లే. ఆమెకు పెళ్ళి కుదిరింది. ఇక ఉద్యోగం మానేసి అత్తారింటికి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసాను.

ఇంటికి వెళ్ళిపోతూ బస్సు మెట్టు మీద నిలబడి మరీ హుకుం జారీ చేసింది.

“పెళ్ళిచీర కట్టుకు రా. ఆ వెలిసిపోయిన బడి చీరల్లో దిగావో, గుమ్మంలోంచే తరిమేస్తా. ఇంకోటి, నా నెత్తిన నీ చేత్తో అక్షింతలు పడాలి. పడిందాకా పీటల మీంచి లేవను, చూస్కో!”

నా ట్రంకు పెట్టెలో మంచివి రెండే. ఒకటి మేమిద్దరం కలిసి కొన్న చిలకపచ్చ చీర. రెండోది మా అమ్మది, తెల్లపట్టు. మా క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళిచీర అంటే ఇంకో అర్థం లేదు. తెల్లదే. అమ్మ అది కట్టుకునే చర్చిలో పెళ్ళాడింది.

వాళ్ళ హిందువుల్లో తెలుపు ఎవరు కడతారో తెలియనంత మొద్దును కాను. కానీ దీనికి జానెడు జరీ అంచుంది కదా! పైగా పెళ్ళిచీర అని ఆమే నోరు తెరిచి అడిగింది కదా! ఇది కట్టుకోనా, అది కట్టుకోనా అని అడుగుదామంటే పక్క మంచం ఖాళీ. చేతి అద్దంలో ముక్కలు ముక్కలుగా చూసుకున్నాను. భుజం బాగుంది, కుచ్చిళ్ళు బాగున్నాయి. మొత్తం మనిషిని చూసి చెప్పేవాళ్ళు లేకపోయారు.

బస్సులో చిల్లకల్లు దారి దుమ్ము పడకుండా తెల్లపట్టు కొంగు ఒళ్ళో దాచుకుని జగ్గయ్యపేటలో దిగాను. పందిరి గుమ్మంలో కుంకుమ భరిణె పట్టుకున్నావిడ నా చీర చూసింది, బొట్టులేని నుదురు చూసింది. ఆవిడ చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

“అయ్యో తల్లీ, ఇంత చిన్న వయసులోనా! లోపలికెళ్ళి మామ్మగారి దగ్గర కూచో అమ్మా.”

కాదండీ అని ఒక్క మాట అంటే పోయేది. కానీ అలా అంటే, మరి మీరెవరు అంటారు. అది చెప్పాక నన్ను ఏ మూల కూచోబెడతారో నాకు బాగా తెలుసు. తలొంచుకుని వెళ్ళాను.

పెళ్ళికూతురి మామ్మ పందిట్లో అందరికీ వెనక, స్తంభం చాటున కూచుని ఉంది. విధవరాలు. తెల్ల పంచె, బోడి మెడ. సొంత మనవరాలి పెళ్ళి అయినా ముందుకు రాకూడదు. అక్షింతల పళ్ళెం పందిరంతా తిరిగి మా దగ్గర మాత్రం పక్కకు తిరిగింది.

మామ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. “ఎన్నాళ్ళయిందే నీకు?”

“నాకసలు పెళ్ళే కాలేదండి. ఇది మా అమ్మ పెళ్ళిచీర.”

“తెల్లదా? మీరు వేదంలో కలిసినోళ్ళా?”

అవును, క్రైస్తవులమే అన్నాను. భుజం మీది చెయ్యి కాస్త లేచింది. మళ్ళీ అక్కడే పడింది.

“ఓసి పిచ్చి మొహమా! నాకంటే రాత, నీకేం ఖర్మే ఇక్కడ!” అంటూ గొంతెత్తి కేకేసింది. “ఏమర్రా, పళ్ళెం ఇటు తేండి! ఇది కన్నెపిల్ల!”

అప్పుడే గట్టిమేళం మోగింది. ఆ మోతలో మామ్మ మాట మాకే వినపడలేదు. అందరూ లేచి నిలబడ్డారు. తలల మధ్య సందులోంచి చూస్తే పీటల మీద నా పిల్ల మధుపర్కాల్లో ఉంది. ఎర్రంచు తెల్ల నేతచీర, అంచులకు పసుపు. పందిట్లో ఆడవాళ్ళలో తెలుపు కట్టుకున్నవాళ్ళం మేం ముగ్గురమే. అది చూసి ఏడుపు తన్నుకొచ్చింది.

మామ్మ వంగి, చాప మీద రాలిన గింజలు ఏరి నా దోసిట్లో పోసింది. “ఇక్కణ్ణించే వెయ్యి. నావి కూడా కలిపి వెయ్యి.” బలంకొద్దీ విసిరాను. ముందున్న ఎవరిదో వీపు మీద పడ్డాయి.

భోజనాల వేళ పెళ్ళికూతురు పట్టుచీర కట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“ఎక్కడ చచ్చావే? చిలకపచ్చ చీర ఎక్కడుందా అని పందిరంతా కళ్ళింతలు చేసుకుని చూసా.” నా చీర అంచు చేత్తో పట్టుకుంది. అది మా అమ్మదని ఆమెకు తెలుసు. మాట మెత్తబడింది. “అక్షింతలు వేసావా మరి?”

ఆమె జడలో పసుపు గింజలు చిక్కుకుని ఉన్నాయి.

“వేసా,” అన్నాను.