పడుగు మీద మబ్బు

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో నేను కరీంనగర్‌లో వాతావరణ పరిశీలకుడిగా చేరాను. పొద్దున్నే మేడెక్కి ఆకాశాన్ని చూసేవాణ్ణి. అదే క్షణంలో ఏ ద్వీపంలోనో, ఏ మంచుకొండ మీదో నాలాంటివాడొకడు తలెత్తి చూస్తుంటాడని తలచుకుంటే ఒళ్ళు తేలిపోయేది. అందరం చూసినదాన్ని అంకెలుగా మార్చి తంతి కొడితే, దేశాలన్నీ కలిసి ఒకే ఆకాశాన్ని పటంగా గీసుకునేవి.

ఒకనాడు కింద వీధిలో పక్కింటి నేతగాడూ అతని భార్యా గంజి పెట్టిన పడుగు నూలును బారుగా పరిచి ఆరబెడుతున్నారు. పడమట మబ్బు నల్లబడుతోంది.

"సారూ, వానొస్తదా? జర చెప్పుండ్రి," అని అతను కేకేశాడు.

"చెప్పే హక్కు మాకు లేదు. పైఆఫీసే చెప్పాలి," అన్నాను.

"మబ్బేమో మా ఇంటి మీదున్నది. గా ముచ్చట ఢిల్లీల చెప్తరా?" అని ఆమె నవ్వింది.

నేనూ నవ్వి, ఆ మబ్బును తంతిలో ప్రపంచానికి పంపాను. కాసేపటికే వాన దిగింది. గంజి కరిగి నూలుపోగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇద్దరూ ఆ తడి ముద్దను ఇంట్లోకి మోసుకుపోయారు.

తర్వాతి ఏళ్ళలో విదేశీ సభల్లో నిలబడి, వాతావరణ సమాచారాన్ని దేశాలు ఎలా పంచుకోవాలో చెప్పాను. ఆ రోజు నియమమే నా నోరు కట్టేసిందని చాలాకాలం నమ్మాను. అది కాదు. వస్తుందన్న వాన రాకపోతే వీధిలో నవ్వులపాలవుతానని భయపడ్డాను. ఆ భయంతోనే వాళ్ళ పడుగును తడవనిచ్చాను.