గోడవతల బాల్చీడు నీళ్లు

మా లైన్‌మేన్ మావ పోయాడన్న కబురు నాకు నందిగాం స్కూల్లో, ఆరో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంటే వచ్చింది. మా ఆయన ఫోన్ చేశాడు. "సిన్నాన్న పోనాడే. టీ తాగి మంచమ్మీద ఒరిగినాడట, అంతే" అన్నాడు. "అలాగా" అన్నాను. మిగిలిన ఎక్కాలు కూడా అప్పజెప్పించుకున్నాను. ఏడుపు రాలేదు. రాకపోగా, నిజం చెబుతున్నాను, మొట్టమొదట నా మనసులోకొచ్చిన మాట ఏమిటంటే, హమ్మయ్య, ఇంక మా షెడ్డు గోడ ఆరుతుంది.

ఇది చదివి నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. ఆయన్ని పొగడడానికి నేను కూర్చోలేదు.

ఊరి వరసకి మా ఆయనకి చిన్నాన్న, నాకు మావ. రక్తసంబంధం ఏమీ లేదు. పలాస దాటి జీడితోటల్లోంచి సముద్రం వైపు వస్తే మా ఊరు. ఆయనిల్లూ మా ఇల్లూ ఒకే గోడకి అటొకటి, ఇటొకటి. లైన్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఒంటి మీద చొక్కా లేకుండా ఊరంతా తిరిగేవాడు గానీ లుంగీ మడతలో టెస్టర్ లేకుండా గడప దాటింది లేదు. శవం దగ్గర కూచుని అందరూ ఒకటే పాట, "దేవుడులాంటోడు, ఎవులికీ అపకారం సెయ్యనోడు" అని. నాకు ఒళ్లు మండింది. ఆయన చేత తిట్లు తినని ఇల్లు ఈ ఊళ్లో ఒక్కటుంటే చూపించండి! తీగ అతుకు మీద టేపు చుట్టలేదని పెళ్లి పందిట్లో ప్లగ్గు పీకేసి, పెళ్లికొడుకుని చీకట్లో కూచోబెట్టిన మనిషి. మాంచి పైరు మీద మోటారు కట్టేసి, "ముందు ఈ తీగ మార్సు, నీ వరి తరవాత" అని రైతుతో కొట్లాడిన మనిషి. దేవుడట, దేవుడు!

ఇంకో అలవాటుండేది. దేన్ని ముట్టుకున్నా ముందు చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపు ఆనించి చూసేవాడు. అరచేత్తో పట్టుకుంటే, షాకు కొట్టినప్పుడు వేళ్లు బిగుసుకుపోయి వదలవట. వెనకవైపైతే చెయ్యి దానంతటదే విదిలించుకుంటుందట. సర్వీసులో పడ్డ అలవాటు, ఇంక పోలేదు. కుళాయినీ అలాగే ముట్టుకునేవాడు, ఆవునీ అలాగే. మా ఆయనకి జ్వరమొస్తే నుదురు కూడా అలాగే చూసేవాడు. నేను నవ్వితే, "నవ్వే, నవ్వు. కరెంటుకి వరస తెలవదే కోడలా. మావనీ కోడల్నీ ఒక్కలాగే కొడతాది" అనేవాడు. అప్పటికింకా మాకు మాటలున్నాయి.

మాటలు పోయింది కారు దగ్గర.

మా ఆయనకి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానం వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు, వేరే వాళ్లకి ఎంత చెప్పినా తెలీదు. సోమవారం, గురువారం పలాసలో డయాలసిస్. నేను సెలవు పెట్టి వెంట వెళ్తాను. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు గతుకు గతుక్కీ మనిషి వాంతులు చేసుకుంటుంటే చూళ్లేక, కిందా మీదా పడి ఒక చిన్న బేటరీ కారు కొన్నాం. కుదుపుండదు, పొగ ఉండదు, ఇంట్లోనే ప్లగ్గు పెట్టుకోవచ్చు అన్నారు. రెండిళ్ల మధ్య గోడనానుకుని ఉన్న జీడిపిక్కల రేకుల షెడ్డు ఖాళీ చేసి కారుకిచ్చాం. టౌనునుంచి ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు, నడివయసు మనిషి, మెళ్లో లావుపాటి గొలుసు. షెడ్డు గోడకి పదహారు ఏంపుల సాకెట్టు బిగించాడు. కారుతో ఇచ్చిన ఛార్జర్ డబ్బా పెడితే ఎర్ర లైటు. పీకి మళ్లీ పెడితే మళ్లీ ఎరుపే.

"మీకు ఎర్త్ లేదు మేడం" అన్నాడతను. ఎర్త్ అంటే, ఎక్కడైనా తేడా వస్తే కరెంటు మన మీదికి రాకుండా భూమిలోకి పోయే దారి. అది సరిగ్గా లేకపోతే ఈ కారు ఛార్జర్ ససేమిరా అంటుంది. మాదేమో ఇసక నేల. అతను షెడ్డు మూలన ఇనప కడ్డీ దిగ్గొట్టాడు. పొడి ఇసకలో కడ్డీ ఏం చేస్తుంది? ఎరుపే. చివరికి సాకెట్టు విప్పి లోపల ఏదో చిన్న తీగ ముక్క తగిలించాడు. ఠక్కున ఆకుపచ్చ వెలిగింది! నా ఆనందం ఇంతా అంతా కాదు. అతనికి టీ ఇచ్చి, జంతికలు పెట్టి, పొట్లం కట్టి మరీ పంపించాను.

మర్నాడు ఆదివారం కారు పూజ. హరిశ్చంద్రపురం నుంచి మా ఆడపడుచు వాళ్లొచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టబోతుండగా మావ వచ్చాడు. కారుకి దండం లేదు, మాకు పలకరింపు లేదు. చెయ్యి తిరగేసి డోరుకి ఆనించాడు. ఛార్జర్ తీగ పట్టుకుని గోడ దాకా వెళ్లాడు. మెయిను ఆపేసి, టెస్టర్‌తోనే సాకెట్టు మరలు విప్పి లోపల చూశాడు.

"ఎవుడే దీన్ని ఎట్టింది?"

"టౌన్నించొచ్చాడు. ఏం?"

"కరెంటు తిరిగెల్లీ నూట్రల్నీ ఎర్త్‌నీ ముడెట్టీసి పోనాడే ఎదవ! డబ్బాని మోసం సేసినాడు. రేపు స్తంభం కాడ కొబ్బరి మట్ట పడి నూట్రల్ తెగిందనుకో, ఈ బండి ఒల్లంతా కరెంటే. ముట్టుకున్నోడు ముట్టుకున్నట్టే." అంటూనే కటింగ్ ప్లేయర్‌తో తీగ కత్తిరించి, సాకెట్టుని గోడలోంచి ఊడబెరికాడు. సిమెంటు పెళ్లలు పూజ పళ్లెంలో పడ్డాయి.

చుట్టాలందరి ముందూ! నాకు కోపం నసాళానికంటింది.

"మా కారు చూసి కళ్లు కుట్టాయేటి నీకు? రేపు సోమవారం. ఆయన్నెలా తీసుకెళ్లను? నీ భుజాల మీద మోస్తావా?"

ఆయన వెనక్కి తిరిగి, "నీ మొగుడు బతకాలనుందా నేదా నీకు?" అన్నాడు.

ఎవరైనా అనే మాటేనా అది? వారానికి రెండుసార్లు ఆ మొగుడి రక్తం గొట్టాల్లో తిరగడం చూసి వచ్చేదాన్ని నేను. ఆ మాటతో నాకు వెర్రెక్కిపోయింది. "బయటికి నడు. మా కారు గురించి, మా కరెంటు గురించి ఇంక నాతో ఒక్క ముక్క మాట్లాడావా, మా ఆయన మీద ఒట్టే!" అనేశాను.

"ఓలమ్మా, అదేటే ఆ ఒట్టు!" అని మా ఆడపడుచు నోరు నొక్కుకుంది. మా వైపు ఒట్టంటే ఊరికే పోయే మాట కాదు. తప్పితే ఎవరి మీద వేశామో వాళ్లకే చుట్టుకుంటుందంటారు. మావ మా ఆయన వైపు ఒకసారి చూశాడు. ప్లేయర్ లుంగీ మడతలో దోపుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తీసుకుందామన్నా ఒట్టు నా నోరు దాటిపోయింది. తీసుకోవాలనీ అనిపించలేదు, అదీ నా పొగరు.

సోమవారం ఆటోయే గతి అయింది. రైల్వే గేటు దగ్గర మా ఆయన రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆయన వీపు రాస్తూ దారి పొడుగునా మావని తిట్టాను.

మంగళవారం స్కూలు నుంచి వచ్చేసరికి గోడవతల మావ గుండెల్లోతు గోతిలో ఉన్నాడు, ఇద్దరు కూలీలతో. తవ్విన కొద్దీ ఇసక జారిపోతుంటే కొబ్బరి దుంగలు అడ్డం పెట్టి తడి ఇసక తగిలేదాకా తవ్విస్తున్నాడు. మా గోడ కిందే! "గోడ కూల్చేస్తావేటి? ఇంత పగేటి నీకు?" అని అరిచాను. తలెత్తలేదు. పెద్దమనుషుల్ని పిలుచుకొచ్చాను. వాళ్లు గోతిలోకి తొంగి చూశారు. అందులో పైపు దింపి చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలు వరసలుగా పోస్తున్నాడు. "ఎర్త్ గొయ్యమ్మా ఇది, నీ కారు కోసమే తవ్వుతన్నాడు" అని నవ్వుకుంటూ పోయారు. బుధవారం నేను స్కూల్లో ఉండగా గోడకి చిన్న కన్నం పెట్టి తీగ ఇవతలికి లాగి, కొత్త సాకెట్టు బిగించేశాడు. మా ఆయన దగ్గరుండి చేయించుకున్నాడు. గురువారం కారులో పలాస వెళ్లాం. రానూ పోనూ ఒక్క వాంతి కాలేదు.

మెచ్చుకున్నావా అని అడక్కండి. లేదు. పీకినవాడే పెట్టాడు, చెల్లుకి చెల్లు అనుకున్నాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. రోజూ పొద్దు వాలేసరికి బాల్చీడు నీళ్లు బోరింగు దగ్గర్నుంచి మోసుకొచ్చి మా గోడ మొదట్లో పొయ్యడం మొదలుపెట్టాడు. అక్కడ గొయ్యి ఎప్పుడో పూడ్చేశాడు, మొక్క లేదు, పాదు లేదు. నెల తిరిగేసరికి మా షెడ్డు గోడకి చెమ్మ ఎక్కింది. సున్నం ఊడి తెల్లగా ఉప్పు పొంగింది. సున్నం వేయించాను, మళ్లీ ఊడింది. ఒకరోజు గోడ మీంచి తొంగి చూసి అడిగేశాను.

"ఏ పంటకి పోస్తన్నావు మావా? గడ్డిపోచ కూడా లేదక్కడ!"

నోరు తెరిచాడు. మా అరుగు మీద మంచంలో పడుకున్న మా ఆయన్ని చూశాడు. నోరు మూసుకుని ఖాళీ బాల్చీ పట్టుకుని లోపలికెళ్లిపోయాడు. ఎంత టెక్కు, జవాబు చెప్పడానికి కూడా నేను పనికిరానేటి అనుకున్నాను. ఎండలు ముదిరాక బాల్చీలు రెండయ్యాయి. మోకాళ్ల నెప్పులు, చెయ్యి వణుకు, సగం నీళ్లు కాళ్ల మీదే ఒలికేవి. అయినా మానలేదు. "చూడు, చచ్చేలోపు గోడ పడగొట్టే పోతాడు మీ చిన్నాన్న" అనేదాన్ని మా ఆయనతో.

గోడ పడలేదు. ఆయనే పోయాడు.

పోయిన తొమ్మిదో రోజు, ఆదివారం సాయంత్రం. మర్నాటికని కారుకి ఛార్జర్ పెట్టాను. ఎర్ర లైటు. పీకి పెట్టాను, ఎరుపే. బేటరీలో చూస్తే రైల్వే గేటు దాకా కూడా వెళ్లేలా లేదు. టౌను ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. "ఆ ముసలాయన పోయాడటగా మేడం, ఇంక అడ్డు లేదు. పాత కిటుకే పెట్టేస్తాను, ఐదు నిమిషాల పని" అన్నాడు. అడ్డు లేదట! నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి ఫోన్ పెట్టేశాను. ఎందుకు తిట్టానో అప్పటికి నాకే సరిగ్గా తెలీదు.

గోడవతల అలికిడైతే చూశాను. మా అత్త, అంటే మావ భార్య, నీళ్ల బాల్చీ ఎత్తలేక నేల మీద ఈడ్చుకొస్తోంది. నేను పరిగెత్తుకెళ్లి అందుకున్నాను.

"ఎర్రది ఎలిగిందేటమ్మా?" అంది.

"నీకెలా తెలుసు?"

"తొమ్మిది దినాలయింది గదా గోతిలో నీలు పోసి. ఇసక నేల. గొయ్యి ఎండిపోతే కరెంటుకి దారుండదనీవోడు మీ మావ. అందుకే గదా రోజూ పోసీవోడు."

బాల్చీ కింద పెట్టేశాను. "మరి నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు గదా అత్తా!" అన్నాను.

"నువ్వే గదమ్మా ఒట్టేసినావు, నీ మొగుడి మీద. పోనీ నాను సెప్పీనా అని అడిగితే, 'నీ నోటంట సెప్పించినా నాను సెప్పినట్టే, ఆడికి తగులుతాది, ఒద్దు' అనీవోడు మీ మావ. ఇప్పుడింక మనిసే నేడు. ఒట్టెక్కడిది?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గోతి పైపులో బాల్చీ గుమ్మరించాను. ఇసక గడగడా తాగేసింది. బోరింగు కొట్టి రెండోది తెచ్చాను, మూడోది తెచ్చాను. నాలుగోది పోస్తుంటే షెడ్డులోంచి మా ఆయన కేకేశాడు, "పచ్చ ఒచ్చిందే!" అని.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఖాళీ బాల్చీ పట్టుకుని ఆ గోతి మీదే విరుచుకుపడ్డాను. "పుట్టి బుద్దెరిగి ఎవుల మాటా విననోడివి, నా మాటే వినాలేటి మావా? అదీ ఆ మాటే వినాలేటి?" తొమ్మిది రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ గోడకి ఇంక సున్నం వేయించను. బాల్చీ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది.

సోమవారం పొద్దున్న మా ఆయన టవలూ నీళ్ల సీసా పట్టుకుని షెడ్డులోకొచ్చి, కారు డోరు మీద చెయ్యి వెయ్యబోయాడు. "ఆగు" అన్నాను. నా చెయ్యి దానంతటదే తిరగబడింది. వేళ్ల వెనకవైపు డోరుకి ఆనించి చూశాను. చల్లగా ఉంది, అంతే.

"ఇప్పుడెక్కు" అన్నాను.