మా బావ చెప్పిన స్కోరు

మొన్న ఆదివారం పాకిస్తాన్‌తో మ్యాచ్ జరుగుతుంటే, నంద్యాలలో మా వీధి వీధంతా తలుపులు బిగించుకుని చల్లగా కూర్చుని చూస్తోంది గానీ, ఎదురింటి మా బావ మాత్రం ఎప్పటిలాగే వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసిపెట్టి, టీవీ గొంతు పెంచి, మనవాళ్ళు ఫోరు కొట్టినప్పుడల్లా మూలమీది కిరాణా కొట్టుదాకా వినబడేట్టు చప్పట్లు కొడుతున్నాడు. మనిషికి డెబ్భై దాటాయి, మోకాళ్ళు మాట వినవు, అయినా ఫోరుకు లేచి నిలబడతాడు. మా అల్లుడు మంచివాడే, ఎవరినీ పల్లెత్తు మాట అనడు, చేతిలో బజ్జీ తుంచుకుంటూ కిటికీలోంచి అటు చూసి, "మామా, మీ బావ బాగానే సూపించుకుంటాండాడే!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఈ వయసులో కోపం రావాలంటే ముందు నడుము ఒప్పుకోవాలి. ఎందుకో అలుపొచ్చింది, అంతే.

మీరు హిందువులు గదా, ఆ సాయిబు మీకు బావ ఎట్లా అయ్యాడని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. మేమిద్దరం నంద్యాలకు రాకముందు, ఆళ్ళగడ్డలో మా నాయన మా బావ వాళ్ళ నాయనను "బావా" అని పిలిచేవాడు, కాబట్టి లెక్క ప్రకారం వాడు నాకు బావ. మా ఈడువాళ్ళకు ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. వరసలు ముందు కలిపేసుకుని, మతాలు పెళ్ళిళ్ళప్పుడు గుర్తుచేసుకున్న కాలం అది.

ఆ రోజుల్లో ఆళ్ళగడ్డ టీముకు నేను ఫాస్ట్ బౌలర్ని. శిల్పాలు చెక్కేవాళ్ళ దగ్గర విరిగిపోయిన రాతిపలక ఒకటి తెచ్చి వికెట్లకు బదులు నిలబెట్టేవాళ్ళం. బంతి తగిలితే గుడిగంటలా మోగేది, ఔటా కాదా అన్న తగువే ఉండేది కాదు. పలకను నంద్యాలకు మోసుకుపోయి అక్కడివాళ్ళ మీద ఆడిన ఒక మ్యాచ్‌లో దాన్ని నేను ఏడుసార్లు మోగించాను. నా పరుగు చూసి బ్యాటు పట్టుకున్నవాడికి కాళ్ళు వణికేవి. సరే, చదివేవాళ్ళలో ఆ మ్యాచ్ చూసినవాళ్ళు ఒకరిద్దరైనా బతికే ఉంటారు కాబట్టి ఒప్పేసుకుంటాను: ఏడు కాదు, రెండు. అందులో ఒకటి రనౌటు, అది కీపింగ్ చేస్తున్న మా బావ పుణ్యం. రెండోవాడి కంట్లో నల్లరేగడి దుమ్ము పడింది.

ఆ మ్యాచ్‌లో అసలు సంగతి వేరే ఉంది. మా బావకు నంద్యాల అమ్మ పుట్టిల్లు. అవతలి టీములో ఇద్దరు వాడి మేనమామ కొడుకులు. మేనమామ గట్టుమీద కూర్చుని, "ఒరే అల్లుడా, మీయమ్మ పుట్టినూరురా ఇది, రోంత సూసుకో!" అని అరిస్తే, వీడు వికెట్ల వెనకనుంచే, "అమ్మది గదా మామా, నాది కాదు గదా!" అని కేకేశాడు. రెండూళ్ళవాళ్ళూ పడీ పడీ నవ్వారు. ఆ తరువాత మేము బ్యాటింగ్‌కు దిగినప్పుడు, వాడి మేనమామ కొడుకు వేసిన బంతికి మా కెప్టెన్ పలక మోగింది. అవతలి కొసన బ్యాటు పట్టుకుని నిలబడి ఉన్న మా బావ, పోయింది సొంత కెప్టెన్ వికెట్టన్నది మరిచిపోయి, "ఏం బాలురా నాయనా!" అని ఎగిరి గంతేశాడు. కెప్టెన్ తిట్టుకుంటూ పోయాడు గానీ, నువ్వు ఏ ఊరివాడివిరా అని వాణ్ణి అడగలేదు. ఎవరమూ అడగలేదు. ఆ ఆలోచనే మాకు రాలేదు.

ఇక రేడియో సంగతి. మా బావ నాయన టైలరు. పెద్ద మ్యాచ్ ఉన్న రోజు ఆ కొట్టుముందర బెంచీలు చాలేవి కావు. కామెంటరీ కాసేపు ఇంగ్లీషులో, కాసేపు హిందీలో వచ్చేది. ఔటన్న ముక్క అందరికీ తెలిసేదే గానీ, ఎవడు ఔటయ్యాడో, ఎట్లా అయ్యాడో ఆ గోలలో ఎవరికీ అందేది కాదు. అందుకని ఇంగ్లీషు వంతు వచ్చినప్పుడు చర్చి పక్కన ఉండే బడిపంతులు తెలుగులో చెప్పేవాడు, హిందీ వంతు వచ్చినప్పుడు మా బావ చెప్పేవాడు. ఇద్దరూ రేడియోలో ఉన్నదానికి ఇంత ఉప్పూకారం కలిపే చెప్పేవాళ్ళు. అదే మాకు రుచి.

ఒకసారి పాకిస్తాన్‌తో ఆట. పంతులు వంతులో మన వికెట్టొకటి పోయింది. ఆయన తొడ చరిచి, "బ్రహ్మాండమైన బంతి! ఆడడం దేవుడి తరం కాదు!" అన్నాడు. అందరం ఉసూరుమన్నాం. కాసేపటికి హిందీ వంతు వచ్చింది. ఇంకో వికెట్టు పోయింది. గుడ్డ కత్తిరిస్తున్న మా బావ కత్తెర ఆపి, చెవి రేడియోకు ఆనించి, "మిడిల్ స్టంప్ ఎగిరిపాయ! ఏం బాలురా నాయనా!" అన్నాడు. నంద్యాలలో అన్నమాటే, అదే గొంతు. ఈసారి బెంచీల మీది తలలన్నీ వాడివైపు తిరిగాయి.

మా చిన్నాయన బీడీ తీసి, "ఏమప్పా, నీకంత కుశాలగా ఉండాదే?" అన్నాడు.

"బాలు బాగుండె మామా, అందుకే అంటి."

"బాలు బాగుంటే? పోయింది మన వికెట్టు గదా!"

తమాషాకే అన్నాడు. అందరం నవ్వాం. మా బావా నవ్వాడు. వాళ్ళ నాయన మాత్రం మిషను తొక్కుతున్న కాలు ఆపి, సూదిమీద నుంచి చూపు తిప్పకుండానే, "ఒరే, నీ మొగం సూసుకొని సెప్పురా" అన్నాడు. అంతే, మళ్ళీ మిషను కదిలింది.

మా చిన్నాయన అడిగింది, మేనమామ ఊరిమీద ఆడిన రోజు ఎవరూ అడగని మాట. పాకిస్తాన్‌లో మా బావవాళ్ళకు చుట్టమంటూ ఒక్కడు లేడు.

ఆ రోజునుంచి మన వికెట్టు పోతే, మా బావ చెయ్యి ముందు తలమీదికి పోయేది, నోరు తరువాత తెరుచుకునేది. చెయ్యి పైకి లేవడం చూసే మేము ఉసూరుమనేవాళ్ళం. సాయిబు ఎంత బాధపడతాడో చూడండని మా చిన్నాయనే మెచ్చుకునేవాడు. మా అందరికీ అది భలే సౌకర్యంగా ఉండేది.

మొన్న ఇవన్నీ తలుచుకుంటూ, బజ్జీల గిన్నె పట్టుకుని వీధి దాటి బావ పక్కన కూర్చున్నాను. ఎవడో కుర్రవాడు, పాకిస్తాన్‌వాడే, వేసిన బంతి గాలిలో ఒకవైపు, నేలమీద ఒకవైపు తిరిగి మనవాడి స్టంపును పడగొట్టింది. మా బావ చెయ్యి తలమీదికి వెళ్ళింది. "అయ్యయ్యో!" అన్నాడు, వీధికంతా వినబడేట్టు. తరువాత నా చెవి దగ్గరికి వంగి, పెదవి కదిలీ కదలకుండా, "ఏం బాలురా నాయనా" అన్నాడు. కళ్ళు మాత్రం నంద్యాల మైదానంలో మెరిసినట్టే మెరిశాయి.

నాకేం పుట్టిందో, లేచి గడపలో నిలబడి, "ఏం బాలురా నాయనా!" అని వీధి దద్దరిల్లేట్టు అరిచాను. దద్దరిల్లలేదు లెండి, సగంలో దగ్గొచ్చింది. కానీ వినబడింది. ఎదురు కిటికీలోంచి మా అల్లుడు, "మా మామకు ఆటంటే పిచ్చి!" అని ఎవరితోనో చెప్పి నవ్వాడు. ఇంకెవరూ తల తిప్పి చూడలేదు.

మా బావ నా చొక్కా పట్టి లాగి, "కూచోప్పా. నీకేం, నువ్వెంతైనా అరుస్తావ్" అన్నాడు.

కూర్చున్నాను. ఇప్పుడు కామెంటరీ తెలుగులోనే వస్తోంది, బంతి ఎట్లా తిరిగిందో గీతలు గీసి మరీ చూపిస్తున్నారు. ఆ టైలరు కొట్టూ లేదు, పంతులూ మా చిన్నాయనా ఎప్పుడో పోయారు. స్కోరు చెప్పడానికి మా బావ ఎవరికీ అక్కరలేదు. వాడి మొహం మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నారు.

అంతలో మనవాళ్ళు ఫోరు కొట్టారు. బావ నా భుజం ఆసరా పట్టుకుని, మెల్లగా లేచి నిలబడ్డాడు.